దయ్యాన్ని చూసి నవ్వినామె

నాంపల్లి టాకీసులో పొద్దుటాట వదిలింది. అబిడ్స్ ఇరానీ హోటల్లో, తెర కట్టిన ఫ్యామిలీ గదిలో, వామన్‌రావు ముందు చాయ్ చల్లారిపోతోంది. జనాన్ని గజగజ వణికిద్దామని తీసిన దయ్యం సినిమాకు హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వితే, చాయ్ గొంతు దిగుతుందా? ఎదురుగా భార్య అహల్య. ఆ సినిమాలో దయ్యం ఆమే.

"చాయ్ తాగున్రి."

"చాయ్ పక్కకు పెట్టు. విన్నవా లేదా? నువ్వు బావిల నుంచి లేస్తుంటె ఈలలు! దయ్యానికి ఎవరన్న ఈలలు కొడ్తరా అహల్యా?"

"విన్న."

"భయపడున్రి అని తీసిన నేను. భయం! ఖైరతాబాద్ పాత బంగ్లల, ఆ దోమలల్ల, లైట్లు కిరాయికి దెచ్చి..."

"నాకెరుకలేదా? బావిల దిగింది నేనే గద."

"మరి నవ్వుడేంది?"

"గబ్బిలాన్ని ఛత్రీ గుడ్డతోని చేసిన్రు. పుల్లలు కనవడ్తయి."

"ఒక్క షాట్‌ల!"

"అన్నిట్ల కనవడ్తయి."

"నువ్వు గూడ షురూ జేసినవా?"

"సలాం వామన్‌రావు సాబ్! నమస్తే వదినమ్మా. గీడున్నరా? టాకీసంత దేవులాడిన."

"మంచిగ దొరికినవ్ బాలకిషన్. టాకీసు మేనేజర్‌వి నువ్వే గద, సీదా నీకే చెప్త. రేపు రిక్షా పంపిస్త, రీలు డబ్బాలు ఎక్కియ్యి. నా సినిమా నాకియ్యి."

"అరె! ఏమైంది సాబ్? వచ్చే ఆదివారం గూడ హౌస్‌ఫుల్లే. కాచిగూడ, హిమాయత్‌నగర్, ఎక్కడెక్కడి పోరగాండ్లో వస్తున్నరు. చూసినోళ్లే మల్ల చూస్తున్నరు. వదినమ్మ నోరు తెర్వకముందే డైలాగ్ బెంచిలోళ్లే చెప్తున్నరు!"

"అదే నా బాధ!"

"గది బాధనా? భయపడ్డోడు మల్ల రాడు సాబ్. నవ్వినోడు దోస్తులను దీస్కొని వస్తడు."

"దోస్తులను దీస్కొచ్చి నా ఇజ్జత్ తీస్తున్నడు."

"ఇజ్జత్ కాదు సాబ్, ప్యార్. పెద్ద సినిమాలల్ల అంత బరాబర్ ఉంటది, మనం నోరు మూస్కొని కూసోవాలె. మీ దాంట్ల తలుపు కొడితె గోడ ఊగుతది. వదినమ్మ చెప్పులు ఉల్టా కట్టుకొని నడుస్తది, పట్టీ ఊడి నేల మీద జీరాడుతుంటది... మా వాడకట్టోళ్లే తీసినట్టుంటది. గా చెప్పు రాంగనే..."

"ఏం జెయ్యాలె మరి? దయ్యానికి పాదాలు ఎన్కకుండాలె గద! రబ్బరు పాదాలు మద్రాసు నుంచి రావాలె. రాలే!"

"పట్టీ నేనే కట్టుకున్న. ఊడిందని ఎరుకే. మీరు కట్ అనలే."

"రీలు అయిపోతుండె అహల్యా! ఎన్నిసార్లు చెప్పాలె?"

"జర మెల్లగ. పక్క గదిల వింటున్నరు."

"విననీ. ఒక్కటి చెప్పు బాలకిషన్. మొదటి ఆట నాడు నాకు జ్వరం, మంచం దిగలే. ఈ నవ్వుడు ఎట్ల షురువైంది? నవ్వుకుంటనే వచ్చిన్రా?"

"లేదు సాబ్. సప్పుడే లేకుండె. ఒకడు ఆవులిస్తున్నడు, ఒకడు లేస్తున్నడు. ఇంటర్వెల్ కాకముందే జనం గేటు దిక్కు నడుస్తున్నరు. నేను తల పట్టుకున్న. అప్పుడు బావి సీన్ల, లేడీస్ క్లాసుల ఒకామె నవ్వింది. ఏం నవ్వు సాబ్! గది విని బెంచిలోళ్లు నవ్విన్రు. లేచినోళ్లు కూసున్నరు. బయటికి పోయినోళ్లు ఏమైందని మల్ల ఉరికొచ్చిన్రు."

"ఎవరామె?"

"చీకట్ల ఏం కనవడ్తది సాబ్?"

"ఎవరైతేంది ఇప్పుడు? బిస్కెట్ తినున్రి."

"ఎవరైతేందా? ఆమె ఒక్కతి నవ్వకపోతె..."

"నవ్వకపోతె జనం లేచి పోతుండిరి."

"పోనీ! మర్యాదగ పోతుండిరి. ఆమె నాకు దొరకాలె. నువ్వొక సినిమా తియ్యమ్మా, అప్పుడు నవ్వు అని మొఖం మీదనే అంట. లేడీస్ టికెట్లు ఇచ్చేది జంగమ్మే గద బాలకిషన్? ఆమెకు యాదుంటది. ఇప్పుడే పోయి అడుగుత."

"జంగమ్మను అడగకున్రి."

"ఎందుకు?"

"చెప్పొద్దన్న ఆమెతోని."

"ఏం చెప్పొద్దన్నవ్? నాడు నువ్వు మీ అక్క ఇంటికి పోయినవ్ గద?"

"పోలే. జ్వరంల గూడ మీరు జనమెట్లున్నరు, జనమెట్లున్నరు అని ఒక్కటే కలవరిస్తుండిరి. చూసొచ్చి చెప్దమని పోయిన."

"వదినమ్మా... మీరా?"

"తెర మీద నేను బావిలకెల్లి లేస్తున్న. నా పక్కనున్నామె సంచి సర్దుకొని లేస్తున్నది. ఇంటికొచ్చి మీకేమని చెప్పాలె? ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తె వాళ్లు ఆగరు గద. నవ్విన."