ఇటలీ ఎందుకు అటు వెళ్లింది?

శుక్రవారం సాయంత్రం. గల్ఫ్‌లో, అల్ ఖౌద్‌లోని ఫ్లాటులో ప్రార్థన కూటానికి చాపలు పరుస్తున్న నర్సును, ఆదివారం బడి తెరవగానే ఉండే పరీక్షకు చదువుతున్న కూతురు అడిగింది.

"మమ్మీ, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇటలీ, జర్మనీ ఒక జట్టే కదా. మరి ఇటలీ అటువైపు ఎందుకెళ్లిపోయింది?"

"భూములిస్తామని అవతలోళ్లు ఆశ పెట్టారమ్మా."

"అంటే మోసం చేసినట్టా?"

"వ్యూహం అని రాయి. మార్కులేస్తారు."

"నీక్కూడా నైట్ డ్యూటీలు తీసేస్తామన్నారంట కదా?"

"ఎవరు చెప్పారే?"

"సెలిన్ ఆంటీ వాళ్ల అబిగైల్. నిన్న బస్సులో నా పక్కన కూర్చోలేదు. డబుల్ డ్యూటీలు చెయ్యలేమని మీ నర్సులందరూ కలిసి చెబుదామని మనింట్లోనే ప్రార్థన చేసుకున్నారు కదా. తీరా మేట్రన్ అడిగితే ఆంటీ ఒక్కతే లేచిందంట. నువ్వేమో నాకేం ఇబ్బంది లేదన్నావంట."

"చదువుకో ముందు."

"ఇవాళ ఆంటీ వస్తుందా?"

"నేను ఫోన్ చెయ్యలేదు. ఏ మొహం పెట్టుకుని పిలవను? అదిగో, బెల్లు. ఎవరో చూడు."

"ఆంటీయే మమ్మీ! మనకి చాలవని ఎప్పట్లాగే కుర్చీలు మోసుకొచ్చింది."

"తలుపు నువ్వే తియ్యి. నేను స్నానానికెళ్లానని చెప్పు."