ఖాళీ జాబితా అంటే క్షేమమని కాదు

సభకు అధ్యక్షత వహిస్తున్న జిల్లా టీకాల అధికారి విద్యాసాగర్ గారికి, వేదిక మీది పెద్దలకు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చిన నర్సులకు, ఫార్మసిస్టులకు, ముప్పై నాలుగేళ్లు టీకాల స్టోరును కాపాడి ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా షహనాజ్ బేగం గారికి నమస్కారం. నేను స్పందనను. మీ టీకాల ఫ్రిజ్‌లను కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్ మా బృందమే తయారుచేసింది. అది మొరాయిస్తే మీరందరూ తిట్టుకునేది నన్నే. (నవ్వులు)

పోయిన ఏడాది మూడు జిల్లాల్లో నలభై ఒక్క దవాఖానల ఫ్రిజ్‌లకు సెన్సర్లు పెట్టి, వాటిని చూసి జవాబు చెప్పడానికి ఒక ఏఐ ఏజెంట్‌ను ఏర్పాటు చేశాం. దాని చేతికి పదకొండు టూల్స్, అంటే ఒక్కో పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, ఇచ్చాం. ఏ టూల్ ఎందుకో మేము రాసిన వివరణ చదివే అది ఏది వాడాలో తేల్చుకుంటుంది. నేను ఒక్కో టూల్‌కు ఒక్కో ముక్క రాసి చేతులు దులుపుకున్నాను. 'హెచ్చరికలు చూపును.' అంతే.

జూన్‌లో ఇదే హాల్లో అధికారుల ముందు ప్రదర్శన. "ఏ ఫ్రిజ్‌లోనైనా వేడి పెరిగిందా?" అని అడిగాను. "ఎక్కడా హెచ్చరికలు లేవు, అంతా క్షేమం" అంది ఏజెంట్. చప్పట్లు మోగాయి. వెనక వరుసలోంచి షహనాజ్ గారు లేచారు.

"గట్లెట్లయితది బిడ్డా? ఆ దవాఖానల పొద్దుగాల నుంచి కరెంటే లేదాయె!"

ఏ దవాఖానో చెప్పను, ఆ డాక్టరుగారు మూడో వరుసలోనే ఉన్నారు. (నవ్వులు) షహనాజ్ గారు అక్కడే ఫోన్ తీసి, ఆ ఊరి నర్సు రజిత గారిని థర్మామీటరు చూడమన్నారు. టీకాలకు ఎనిమిది డిగ్రీలు దాటకూడదు కదా, అప్పటికే ఏడున్నర. "ఐస్ ప్యాకులు పెట్టి అన్నీ కోల్డ్ బాక్స్‌లకు మార్చు, జల్ది!" అన్నారు. రజిత గారు పావుగంటలో మార్చేశారు. ఒక్క సీసా కూడా పాడవలేదు.

జరిగిందేమిటంటే, కరెంటు పోయి సెన్సర్ నోరు మూసుకుంది, హెచ్చరికల జాబితా ఖాళీగా వచ్చింది, ఖాళీ అంటే క్షేమమే అనుకుంది ఏజెంట్. నేను మాత్రం, ఇంతకంటే తెలివైన ఏఐ మోడల్ కొనాలన్నాను. షహనాజ్ గారు ఒప్పుకోలేదు.

"దాని తెలివికేం తక్కువ లేదు. మనమే సగం చెప్పి ఊకున్నం. కొత్త నర్సుకు తాళంచెవి ఇచ్చేటప్పుడు ఏమేం చెప్తం? గవన్నీ దీనికి చెప్పు."

నాకు చాలా కోపం వచ్చింది. ఇంజినీరింగ్ చదివినదాన్ని, నాకు వివరణలు రాయడం నేర్పుతారా అనుకున్నాను. అయినా తొమ్మిది రోజులు ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చెప్పగా రాసిన ఒక్కటి చదువుతాను, వినండి: 'ఈ టూల్ గడిచిన గంటలో వచ్చిన హెచ్చరికలను మాత్రమే చూపుతుంది. జాబితా ఖాళీగా వస్తే అంతా బాగుందని చెప్పకు. సెన్సర్ నుంచి సమాచారం వస్తోందో లేదో ముందు చూడు, దానికి వేరే టూల్ ఉంది. రాకపోతే తెలియదని చెప్పు. నిన్నటి సంగతి అడిగితే ఇది వాడకు.'

ఇందులో అర్థం కాని మాట ఒక్కటైనా ఉందా? పాత ప్రశ్నలు రెండు వందలు మళ్లీ అడిగాం. మొదట నూట పద్దెనిమిదింటికే సరైన జవాబు చెప్పిన అదే ఏజెంట్, ఈసారి నూట తొంభై మూడింటికి చెప్పింది!

ఆ తర్వాత గాలివాన వచ్చింది. పెద్దవంగర నుంచి మహదేవపూర్ దాకా స్తంభాలు పడిపోయిన ఆ మధ్యాహ్నం, ఏజెంట్ తనంతట తానే రాసింది: "ఆరు ఫ్రిజ్‌ల నుంచి సమాచారం రావడం లేదు. అవి క్షేమంగా ఉన్నాయని చెప్పలేను. వెంటనే ఫోన్ చేయండి." ఆరు పేర్లూ ఇచ్చింది. ఆరుచోట్లా టీకాలు దక్కాయి. ఆ వారం టీకాలు వేసే బుధవారం నాడు ఏ తల్లీ పసిబిడ్డను ఎత్తుకొని ఉత్త చేతులతో తిరిగి వెళ్లలేదు! (చప్పట్లు)

ఆగండి, చప్పట్లు ఇంకా వద్దు. అధ్యక్షా, తర్వాతి సమీక్షలో మీరు "ఎవరు సరిచేశారు?" అని అడిగారు. "మా బృందం" అన్నాను. షహనాజ్ గారు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. బయటికొచ్చాక, "అన్నం తిన్నవా బిడ్డా? మొఖం గుంజుకపోయింది" అన్నారు. అంతే. ఆ అబద్ధాన్ని ఆరు నెలలు దాచుకున్నాను. ఇవాళ ఇందరి ముందు చెబుతున్నాను: సరిచేసింది మేము కాదు, ఈమె. పదకొండు వివరణల కిందా రచయితగా షహనాజ్ బేగం అని నిన్న నా చేతులతో రాశాను. ఈ నెల నుంచి మరో నాలుగు జిల్లాలు వాటినే వాడబోతున్నాయి.

ఫరీద్ గారూ, మీ శ్రీమతి షహనాజ్ గారిని జర లేపండి, సభకు కనబడాలి. ఇప్పుడు కొట్టండి చప్పట్లు! (హాలంతా లేచి నిలబడింది)

నన్ను ఓపికగా విన్న మీకూ, నన్ను అంతకంటే ఓపికగా భరించిన ఆమెకూ కృతజ్ఞతలు. ఆమె ముందు మైకు పట్టుకొని ఇంకా మాట్లాడటం నాకు తగదు. సెలవు.