నాగేంద్రప్రసాద్ సలహా చెప్పిన ఫండు

గల్ఫు దేశంలోని ఖైతాన్‌లో, శుక్రవారం మధ్యాహ్నం సిరాజ్ టీ కొట్టు ముందర నాగేంద్రప్రసాద్ నోరు విప్పాడంటే, సుబ్బరత్నమ్మ చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. అరబ్బు ఇంట్లో పనిమనిషిగా ఆమెకు వారానికొక్క పూట సెలవు. ఆ పూటంతా ఈ డ్రైవరు మాటలకే. ఎంత మాటకారి వీడు, అని మురిసిపోయేది.

“మిర్కాబ్ సిగ్నల్ కాడ మా కంపెనీ ఓనరు, బెజవాడ సారు తల పట్టుకున్న్యాడక్కా. దానం అడిగేవాళ్లు ప్రాణం తోడేస్తాండారు ప్రసాదూ అన్న్యాడు. నేను అద్దంలో చూసి అన్న్యా: సార్, అమెరికా బ్రాంచి లాభంలోంచి ఒకేసారి డోనర్ అడ్వైజ్డ్ ఫండులో ఎయ్యండి. ధర్మసంస్థ ఒకటి దాన్ని పెట్టుకుంటాది. ఈ ఏడే పన్ను తగ్గుతాది, ఎవరికియ్యాలనేది నిదానంగా చెప్పొచ్చు. ఎనక్కి తీసుకునేదానికి మాత్రం ల్యా, ఖలాస్! ఆపైన కంపెనీది సలహా మటుకే, ఇచ్చేది ఆ సంస్థే.”

“ఇదంతా నీకెట్ల తెలుసు ప్రసాదన్నా?” అన్నాడు సిరాజ్.

“వెనక సీట్లో ఆడిటరు మా సారుకు చెప్తాంటే... ఛీ, చెప్పిందే నేను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్టుబడి పెట్టిన దుడ్డు పొంగి పొర్లె. ఎడారిలో బోరేపిస్తిమి. నీళ్లు ఎంతెత్తు లేసినాయంటే, ఇమానం పైలెట్టు వైపర్లు ఏసుకున్న్యాడు! ఆ జల్లుకు అర్దియా పేటలో వారం దినాలు ఎవురూ కారు కడగల్యా! బడికి బెంచీలిస్తిమి, పిల్లోళ్లు సెలవులొద్దని ధర్నాకు కూచునిరి! ఇప్పుడు సంస్థోళ్లు నన్నడక్కుండా కలం ముట్టరు.”

సుబ్బరత్నమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. కిడ్నీలు చెడిపోయిన ఆమె తమ్ముడు డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు బస్సులో పడి కడప దాకా పోతున్నాడు.

“అబ్బయా, మా ఊరి ఆసుపత్రికి ఆ డయాలసిస్ మిషను ఒకటి...”

“అదా? నిన్ననే చెప్తిని. ఈపాటికి బిగించేసింటారు!”

ఆమె కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. “ఒరే తమ్ముడూ, రేపు కడపకు పోవాకురా. మనూళ్లోనే మిషను వచ్చిందంట!”

నాగేంద్రప్రసాద్ మొహం పాలిపోయింది. “అక్కా, వద్దక్కా! పొమ్మను. ఎప్పట్లాగే కడపకే పొమ్మను!”

ఆమె ఆ మాటే చెప్పి ఫోను పెట్టేసింది. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. “మీ సారుకే సలహా మటుకే అంటివే. మా ఊరికి మిషను ఇప్పించమని ఆ సలహా అయినా ఆయన చెవిన ఎయ్యి.”

“సారు ముందర నాకు మాట రాదక్కా,” అన్నాడు సన్నగా.

“ఇంత బాగా మాట్లాడేటోణ్ణి నేను యాడా సూడ్లా ప్రసాదూ,” అంది సుబ్బరత్నమ్మ. “రేపు ఒక్కసారి అద్దంలో చూసి మాట్లాడు.”