మట్టిలో ఎర్రపూస

చాకవేలులో ఇంటి వెనక గట్టు మీద అక్క పక్కన కూర్చున్నాడు గంగులప్ప. చిన్నప్పుడు వాన వెలిస్తే చాలు, మట్టి కొట్టుకుపోయి బయటపడే పాతకాలం పూసలు వెదకడానికి ఇద్దరూ ఇక్కడికే పరుగెత్తేవాళ్లు. ఇప్పుడు అక్కకు చూపు పోయింది. తడిమట్టిని వేళ్లతో తడుముతోంది.

“తేనెటీగల మోత వినపడతాండాది. తంగేడు పూసిందా?”

“గట్టంతా పసుపు చల్లినట్టుండాదక్కా.”

“ఇదేంది, పెంకా?”

“కుండపెంకు. నల్లగా, నున్నగా ఉండాది. ఏ కాలంలో ఎవురు వండుకున్న కుండో!”

“పెంకులు ఎప్పుడూ దొరికేవే. కండ్లు పోయినాక పూస ఒగటీ నా చేతికి రాలేదు. ఇంగ నాతో కాదులేరా, ఇంటికి పోదాం పా.”

గంగులప్పకు మనసు ఒప్పలేదు. ఎప్పుడూ దగ్గరుంచుకునే ఎర్రపూసను జేబులోంచి తీసి, చప్పుడు కాకుండా ఆమె ముందు మట్టిలో నొక్కాడు.

“ఇంగొక్క తూరి చూడక్కా, ఈ పక్క.”

ఆమె వేళ్లు ఆగాయి.

“దొరికెరా, పూస!”

సంబరంగా దాన్ని బొటనవేలితో తిప్పి చూసింది. అంతలో ముఖం మారింది.

“ఎర్రదా?”

“అవునక్కా.”

“అంచు పగిలిండాది. బడికి పోనని నువ్వు ఏడిస్తే నేనిచ్చిన పూస కదరా ఇది?”

గంగులప్ప తల దించుకున్నాడు.

“ఇన్నేండ్లూ దాచిపెట్టుకోనుంటివా?”

“పారేస్తానా అక్కా?”

ఆమె పూసను తమ్ముడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

“ఇది నీదే, ఉంచుకో. పొద్దు ఇంకా ఉండాది కదా? నాది నేనే వెదుక్కుంటా.”