ఇరవై రెండు మెట్లు

కాదు నర్సమ్మా, ఇదేం ప్రశ్న చెప్పు? "గత నాలుగు వారాల్లో మీరు ఎంత ఉల్లాసంగా ఉన్నారు? ఎప్పుడూ, చాలావరకు, అప్పుడప్పుడు, అసలు లేదు." ఉల్లాసాన్ని టేపు పెట్టి కొలుస్తారా ఎవరైనా? నలభై ఆరేళ్ళు టైలరు పని చేశాను. నడుం కొలిచాను, భుజం కొలిచాను, ఊపిరి బిగబట్టి పొట్ట దాచుకునే పెద్దమనుషుల పొట్టలు కూడా కొలిచాను. దీనికి మాత్రం నా దగ్గర టేపు లేదు. సరే, 'చాలావరకు' అని రాసుకో. డెబ్బై మూడేళ్ళవాణ్ణి, బైపాస్ అయి ఎనిమిది నెలలైంది, ఇంకేం కావాలి.

నొప్పా? తుమ్మితే కాస్త. కుట్టుకి మాత్రం వంక పెట్టడానికి లేదు. మెడ కింది నుంచి పొట్ట దాకా ఒకటే వరస, ఎక్కడా ముడత లేదు. మీ పెద్ద డాక్టరుగారి చెయ్యి మంచిది. కాలిలోంచి నరం తీసిన చోట కుట్టు మాత్రం ఎవరో కొత్తగా నేర్చుకునేవాళ్ళు వేసినట్టుంది, కాస్త వంకర పోయింది. పోనీలే, ప్యాంటు కింద ఎవరు చూడొచ్చారు.

తర్వాతది మెట్ల ప్రశ్నేనా? ఆగు. ఆ పెన్ను ఓ నిమిషం పక్కన పెట్టు. నీళ్ళ సీసా నింపుకొస్తానని మా ఆవిడ వెళ్ళింది కదా, ఎక్కడుందో చూడు. కుళాయి దగ్గర వరసలో ఉందా? మంచిది. ఆ తలుపు దగ్గరగా వేసి ఇలా కూర్చో.

పదిహేను రోజుల కిందట ఇదే ప్రశ్నకి నేనేం చెప్పానో ఆ పాత కాగితంలో చూడు. "ఒక్క అంతస్తు ఎక్కడం కూడా చాలా కష్టం." ఉందా? అది చూసే కదా, అతికించిన నరం మళ్ళీ మూసుకుపోయిందేమోనని, రేపు పొద్దున్నే చేతిలోంచి గుండెదాకా గొట్టం పంపి చూద్దామన్నారు పెద్ద డాక్టరుగారు.

అది అబద్ధం తల్లీ.

అలా చూడకు. మా కొట్టు పైన గుడ్డల గది ఉంది. ఇరవై రెండు మెట్లు. మా ఆవిడ కూరగాయలకని అటు వెళ్ళగానే, చంకలో ఒక గుడ్డ తాను, భుజాన ఇంకొకటి వేసుకుని గబగబా ఎక్కేస్తాను. ఆయాసం లేదు, దడ లేదు, ఈల వేసుకుంటూ దిగుతాను. ఆపరేషనుకి ముందు సగం మెట్లకే కూలబడేవాణ్ణి. ఓసారి పక్క కొట్టు ఇస్త్రీ ఆయన చూసేశాడు. "ఏమిటి మాస్టారూ, కుర్రాడైపోయారు" అన్నాడు. ఆయన గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. ఆయన చొక్కాలన్నిటికీ ఊడిన గుండీలు కుట్టిపెట్టి నోరు మూయించాను.

ఎందుకంటావా? నవ్వనంటే చెబుతాను.

కొట్టులో నా మిషను వీధి వైపు, ఆవిడది గోడ వైపు. నేను కత్తిరించి కుట్టేవాణ్ణి, ఆవిడ కాజాలు కుట్టేది. నలభై ఆరేళ్ళు వీపూ వీపూ పెట్టుకుని కూర్చున్నాం. మాట్లాడుకుంటే "నల్ల దారం ఇటివ్వు", "ఆ కోటు ఎప్పటికి?" అంతే. నేను చెడ్డవాణ్ణేం కాదమ్మా, తీరిక లేనివాణ్ణి.

ఆపరేషనయ్యాక మీరే కదా చెప్పారు, రోజూ సాయంత్రం నడవాలి, మెట్లెక్కేటప్పుడు పక్కన మనిషి ఉండాలి అని. ఆ సాయంత్రం ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కాజాలు కుట్టీ కుట్టీ ఆ చూపుడువేలు గరుకెక్కిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళు, నాకా సంగతే తెలియదు.

నడుస్తూ కబుర్లు చెబుతుంది. చిన్నప్పుడు ఈత కొట్టేదిట, వాళ్ళన్నయ్యని ఓడించేదిట. నేను కుట్టిన కోట్లకి ఎడమ చెయ్యి ఎప్పుడూ అరంగుళం పొడుగొచ్చేదిట, నాకు చెప్పకుండా తనే సరిచేసి పంపేదిట. ఇన్నేళ్ళూ! నేనేమో చెయ్యి తిరిగినవాణ్ణని మీసం దువ్వుకుంటున్నాను.

ఒళ్ళు బాగుపడిందంటే ఆవిడ మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. అదీ నా భయం. ఆ రోజు పక్కనే ఉందని "చాలా కష్టం" అనేశాను. అది గొట్టం దాకా వస్తుందని కలగన్నానా?

కాబట్టి 'ఏ ఇబ్బందీ లేదు' అని రాసి ఆ పరీక్ష ఆపించు. డాక్టరుగారే తేల్చాలా? సరే, మీ ఆసుపత్రి మెట్లే ఎక్కించి చూసుకోమను. ఆవిడతో మాత్రం, ఇంకో ఏడాది చెయ్యి పట్టుకునే నడిపించాలని చెప్పు. మీ మాటంటే వింటుంది.

ఏమిటది? ఇంట్లోవాళ్ళు నింపే కాగితమా? ఇందాక బయట బెంచీ మీద కూర్చుని నింపిందా? ఇటివ్వు, కళ్ళజోడు పెట్టుకోనీ. ఆఁ, ఆవిడ రాతే. కొలతల పుస్తకంలోనూ అక్షరాలు ఇలాగే కుడివైపుకి వాలిపోతాయి.

"మెట్లు బాగా ఎక్కుతారు. భుజాన బరువు వేసుకుని ఎక్కుతారు. మూడు నెలలుగా చూస్తున్నాను. ఆ గొట్టం పరీక్ష అవసరమో కాదో డాక్టరుగారు మరోసారి ఆలోచించాలి. నాకు తెలుసని ఆయనకి చెప్పవద్దు."

చెప్పవద్దంటే చూపించావన్నమాట. మంచి పని చేశావులే.

మూడు నెలలు. ఆ కోటు చేతుల్లాగే దీన్నీ నాకు చెప్పకుండా సరిచేసింది. అయితే రోజూ సాయంత్రం ఆ చెయ్యి... తెలిసి కూడా...

నొప్పి కాదమ్మా, ఏం కాలేదు. కళ్ళజోడు తుడుచుకోనీ. అన్నట్టు, ఇందాక ఉల్లాసం దగ్గర 'చాలావరకు' అని రాశావు కదూ? కొట్టేసి 'ఎప్పుడూ' అని పెట్టు.

అదిగో, వచ్చేసింది. ఆ కాగితం లోపల పెట్టెయ్యి.

అయిపోయిందే, వస్తున్నా. ఏదీ, చెయ్యివ్వు. కింద దాకా మెట్లున్నాయి.