ముందుగా తన నమూనా ఇచ్చిన బావగారు

1991వ సంవత్సరం ఆగస్టు 12వ తేదీన, మన సంస్థలోని పురుష సంతానోత్పత్తి పరిశోధన విభాగంలో వీర్య నమూనాల స్వీకరణ సహాయకులుగా విధుల్లో చేరిన నాటి సన్నని యువకుడే, నేడు ముఖ్య కౌన్సెలింగ్ అధికారిగా పదవీ విరమణ చేస్తూ సగౌరవంగా మన మధ్య ఆసీనులైన బావగారు. కార్యాలయ పత్రాల్లో వారికి వేరే పేరున్న మాట నిజమే కాని, ఆ పేరుతో పిలిస్తే వారే వెనుదిరిగి చూడరు.

ఆ బిరుదు వారికి తొలి ఏడాదిలోనే సంక్రమించింది. మూత బిగించిన చిన్న డబ్బాను చొక్కా మాటున దాచుకొని, ఏదో దొంగిలించినట్లు గోడవెంట నడిచివచ్చే పురుషులను, "రండి బావగారూ, సిగ్గెందుకు? ఇదేమన్నా పెళ్లిచూపులా?" అంటూ వారు ఎదురేగి ఆహ్వానించేవారు. అందరినీ బావగారూ అని పిలిచిన పెద్దమనిషి తామే అందరికీ బావగారయ్యారు.

2005 ప్రాంతంలో మన విభాగాధిపతి మేడంగారు ఒక జన్యువుపై అధ్యయనాన్ని ఆరంభించారు. శుక్రకణం రూపుదిద్దుకునే చివరి దశలో, తోటి ప్రోటీన్లను తట్టిలేపి పనిలోకి దింపే ప్రోటీన్ కైనేజ్ అనే ఎంజైము ఆ జన్యువు సూచనల మేరకే తయారవుతుంది. ఆ సూచన తప్పితే కణానికి తల ఏర్పడినా తోక సరిగా ఎదగదు, ఈదలేదు. ఈ సంగతి మనుషుల్లో రుజువు కావాలంటే నమూనాలు కావాలి. నమూనాల మాట ఎత్తగానే మగవారు మాయమయ్యేవారు. అధ్యయనం మూలపడే స్థితి వచ్చింది.

ఇక్కడ చెప్పబోయే ఉదంతం లేకుంటే ఈ సన్మాన పత్రమే అక్కర్లేదని బావగారు, వారి శ్రీమతి ఏకకంఠంతో అన్నందువల్లనే దీనిని ప్రస్తావిస్తున్నాం.

ఒకనాడు ఒక బస్సు డ్రైవరు, నమూనా ఇమ్మనే బావగారి హితబోధనంతా విని, "గట్టున కూర్చుని ఎన్నయినా చెప్తారండీ. ఇంతకీ మీరిచ్చారా?" అని అడిగి వెళ్లిపోయాడు. వివాహమై చాలాకాలమైనా బావగారికి సంతానం లేదు. వైద్యుల చుట్టూ తిరిగినది శ్రీమతి ఒక్కరే. ఊరందరికీ పరీక్షలు చేయించిన వారు తమ పరీక్షను మాత్రం వాయిదా వేస్తూ వచ్చారు. ఆ మధ్యాహ్నమే డబ్బా తీసుకొని లోపలికి వెళ్లారు.

ఫలితాలు వచ్చాక మేడంగారు తమ గది తలుపు మూసి, "కూర్చోండి బావగారూ" అన్నారు.

"ఆ మాట రోజూ నేను చెప్పేదే మేడం. నిలబడే వింటాను, చెప్పండి."

ఏ జన్యువు కోసం సంస్థ అంతా వెదుకుతున్నదో, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే ఆ జన్యువు రెండు ప్రతులూ వారిలోనే దెబ్బతిని ఉన్నాయి.

ఇంటికి వెళ్లి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే శ్రీమతికి చెప్పేశారు.

"ఎన్ని సూదులు పొడిపించుకున్నానండీ! ఒక్కరోజన్నా, నేనూ చూపించుకుంటానని అన్నారా?"

"అనలేదు. భయమేసింది."

"సరే, నాకు చెప్పారు. ఇన్నాళ్లూ నన్ను గొడ్రాలన్న వాళ్లకెవరు చెప్తారు?"

ఆ ఆదివారమే తమ తల్లిగారింట, అన్నదమ్ములూ వదినలూ అందరూ భోజనాలకు కూర్చున్న వేళ, బావగారు లేచి నిలబడి చెప్పారు. వారి తల్లిగారు చెయ్యి కడిగేసుకున్నారు. "మగాడివి, నలుగురిలో ఏం మాటలురా అవి?"

"మగతనానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఒంట్లో ఒక జన్యువు పని చెయ్యలేదు, అంతే. ఇందులో నీ కోడలి తప్పు లేదు, నాదీ లేదు. చెప్పకుండా కూర్చోవడం మాత్రం నా తప్పే."

ఆ పెద్దావిడ కోడలి వైపు చూసి, "అమ్మాయ్, ఇలా వచ్చి నా పక్కన కూర్చో" అన్నారు.

నాటినుంచి బావగారు ప్రతి పురుషుడికీ తమ ఫలితాన్నే ముందు చెప్పేవారు. ఆ డ్రైవరు తిరిగి వచ్చాడు. తన తమ్ముణ్ణీ వెంటబెట్టుకొచ్చాడు. నమూనాలు భద్రపరిచే ఫ్రీజర్లు చాలక కొత్తవి తెప్పించవలసి వచ్చింది. అధ్యయనం నిలదొక్కుకొని, ఆ జన్యువు పని నిస్సందేహంగా నిరూపితమైంది. అంతకన్నా ఘనమైన విషయం, నేడు మన విభాగానికి వచ్చే దంపతుల్లో తొలి పరీక్ష భర్తకే జరుగుతున్నది. ఆ నియమాన్ని పట్టుబట్టి సాధించినవారు బావగారే. ఎందరో స్త్రీలకు అక్కరలేని సూదిపోట్లు తప్పాయి. బావగారి దంపతులకు సంతానం కలగలేదు; ఆ ఊసు ఎత్తితే ఇద్దరూ నిబ్బరంగా నవ్వి, మరో మాటలోకి వెళతారు.

రేపటినుంచి వారికి కొత్త కొలువు సిద్ధంగా ఉన్నదని వినికిడి. "ఇన్నేళ్లూ లోకానికంతా మీరు చెప్పారు. ఇకమీదట నేను చెప్తా, మీరు వినండి" అని శ్రీమతిగారు ఇదివరకే ఉత్తర్వులు జారీ చేశారట. కనుక బావగారి మోకాళ్లు మొరాయించక, గుండె గతి తప్పక, అన్నింటికీ మించి వారి చెవులు నూరేళ్లపాటు చురుగ్గా పనిచేయాలనీ, చెప్పే ఆమె కంఠం అంతకాలమూ ఖంగున మోగుతూనే ఉండాలనీ మనమందరం మనసారా కోరుకుందాం.