నాంచారికి పట్టిన గరగర పొట్లాలు

నాంచారి అని మా అన్న కూతురు. కాలవ కట్ట మీద బడ్డీ కొట్టు దానిది. ఆ పిల్ల కొట్లో కూర్చుంటే కొట్టు కనపడదు, నాంచారే కనపడుద్ది. ఎగతాళికి అనటం లేదు నేను, నా భుజాల మీద పెరిగిన పిల్ల అది. కొట్టు ముందర తోరణాలు కట్టినట్టు పొట్లాలు వేలాడుతుంటయ్యి చూడు, ఎర్రయ్యి, పచ్చయ్యి, వెండి రంగయ్యి, లోపల సగం గాలీ సగం గుల్ల తిండీ. కాస్త గాలి తోలితే చాలు, గరగర, గరగర. ఆ చప్పుడు గుర్తు పెట్టుకోండి, కథంతా ఆ చప్పుడులోనే ఉంది. ఎవరి ఒళ్ళోనన్నా అట్టాంటి పొట్లం ఉంటే ముందే తీసి అవతల పెట్టండి, నాకు వణుకొస్తది. నాకు! వరదలో వాగు ఈది సూడి గేదెను మెడ మీదేసుకుని ఒడ్డుకొచ్చినోణ్ణి, చిరుతపులి ఎదురైతే చెవి మెలేసి ఇంటికి పొమ్మని తోలినోణ్ణి, ఈ ఎలమందకి వణుకు! ఎందుకో చెప్తా ఇనండి.

నాంచారి పొద్దున తలుపులు తీసిందంటే ఓ పొట్లం చింపుద్ది. ఒక చెయ్యి బేరానికి, ఒక చెయ్యి పొట్లంలోకి. అది అయిపోతే ఇంకోటి. అన్నం వేళకి అన్నమూ తింటది, మళ్ళా పొట్లం. ఏందే అమ్మాయ్ అని ఓ రోజు నేనడిగితే, "ఏమో బాబాయ్, పొద్దున్నించీ తింటానే ఉన్నా, తిన్నట్టే లేదు" అంది. ఆ మాట ఎట్టా అందంటే, బావిలోకి రాయేసి చప్పుడు కోసం చెవి పెట్టినోళ్ళు అంటారే, అట్టా అంది. వేస్తానే ఉంది, చప్పుడు రాదంట. సరే, ఒళ్ళు పెరిగింది, మోకాళ్ళు పోయినయ్యి, అవన్నీ ఓర్చుకుంది అనుకో. అసలు భయం యాడ మొదలైందంటే, నిద్రలో దానికి ఊపిరి ఆగిపోవటం మొదలైంది. గురక పెడతా పెడతా ఉంటదంట, ఉన్నట్టుండి ఏమీ ఉండదంట. వాళ్ళాయన కోటిలింగం లేచి ముక్కు కింద వేలు పెట్టి చూస్తా కూర్చుంటాడంట. ఎంతకీ రాదంట. ఆఖర్న గోతిలో నించి లాగినట్టు ఓ ఊపిరి తీస్తదంట. "మావా, ఏదో ఒకసారి ఆ ఊపిరి రాదు మావా" అని నా దగ్గర కూలబడి ఏడ్చాడు. మగోడు ఏడిస్తే నాకు నచ్చదు. కానీ ఆ రోజు నా తువ్వాలే తీసి ఇచ్చా.

అప్పుడు నేనే, నేనంటే ఎవరు, జిల్లా మొత్తంలో దారి తెలవని ఊరు లేనోణ్ణి, నేనే దాన్ని పట్నం ఆసుపత్రికి తీసకపోయా. నన్ను చూడగానే డాక్టరమ్మ కుర్చీలో నించి లేచి నిలబడింది అనుకో. ఫ్యాను స్విచ్చి వెయ్యటానికి లేచిందని కోటిలింగం అంటాడు, నమ్మబాకండి. ఆమె అన్నీ చూసి, పొట్టని కోసి అరటికాయంత చెయ్యాలి, అట్టా చేస్తే ఒళ్ళు తగ్గుద్ది, ఊపిరి నిలబడుద్ది అంది. అని నాంచారి వైపు తిరిగి, "ముందు ఒక మాట, నువ్వు పొట్లాల తిండి తింటావా?" అంది. నాంచారి నేల చూపులు చూసింది. "అది ఇవాళ్టి నించే మానాలమ్మా. ఈ తిండికి నీ కాలేయం వాచిపోయి పొట్ట మీద దుప్పటిలా పరుచుకుని ఉంటది. అది తగ్గకపోతే నా కత్తికి దారి దొరకదు, తెరిచి మళ్ళీ మూసి పంపించాలి. ఆపరేషన్ అయినాక కూడా నీకు అసలు శత్రువు అదే. మంచి తిండి అయితే పొట్టలో నిలబడుద్ది, చాలని చెప్తది. ఇది నోట్లోనే కరిగి నీళ్ళకిమల్లే జారిపోద్ది. పొట్ట ఎంత చిన్నది చేసినా దానికి అడ్డం లేదు. తింటానే ఉంటావు, నిండదు" అంది. ఎంత తిన్నా నిండని తిండి అంటే ఏందది? దెయ్యాలు పెట్టే విందు అంటారే, లేచి చూస్తే ఆకు ఖాళీ, అదే గదా!

ఇంటికొచ్చి నాంచారి ఒట్టు పెట్టుకుంది. పొట్లాన్ని చేత్తో ముట్టుకోదు. ఎవరన్నా బేరానికొస్తే, మీరే తెంపుకోండి అనేది, తను చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేది. తెంపినప్పుడల్లా గరగరమంటది గదా, అప్పుడు కళ్ళు మూసుకునేది. పల్చటి మజ్జిగా, పప్పుకట్టూ, ఉడికిన గుడ్డూ, డాక్టరమ్మ చెప్పిందే తాగింది, చెప్పిందే తింది. ఆపరేషన్ బాగా జరిగింది. పెద్ద కోత కూడా లేదు, చిన్న చిన్న బొక్కలంట, అంతే. ఇంక కథ అయిపోయింది అనుకున్నా నేను. కాలా.

ఏమైందంటే, నాంచారి పక్క మంచంలో ఇంకో ఆడమనిషి ఉండేది. ఇట్టాంటి ఆపరేషనే, కాస్త ముందే అయింది, నవ్వుకుంటా ఇంటికి పోయింది. నాంచారి ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఆమెను అంబులెన్సులో మళ్ళా తీసుకొచ్చారు. ఒళ్ళు పెనంలాగా కాలిపోతుందంట. తినరానిది ఏదో తిందంట, వాంతులయినయ్యంట, లోపల కుట్టు విడిందంట. ఆమెను మంచంతో సహా తోసుకుని లోపలికి తీసకపోయారు. సాయంత్రానికి మంచం ఒక్కటే తిరిగొచ్చింది, కొత్త దుప్పటి పరిచి. ఆమె ఏమైందీ అని నర్సుల్ని అడిగితే ఎవరూ చెప్పలా. నాంచారి నా చెయ్యి పట్టుకుని, "బాబాయ్, ఆ దుప్పటి చూడు, ఒక్క ముడత కూడా లేదు" అంది. అంతే అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఇంటికొచ్చింది. ఇప్పుడు మన ఊళ్ళ సంగతి మీకు తెలుసు గదా. ఆసుపత్రి నించి మనిషొస్తే ఊరంతా చూడటానికి పోవాలి, ఉత్త చేతులతో పోకూడదు. బ్రెడ్డో, బిస్కెట్లో, ఏదో ఒకటి మంచం పక్కన పెట్టాలి. నాంచారి అంటే ఊరికి ప్రేమ. కట్టలు కట్టి వచ్చారు. వెనక గదిలో మంచం, మంచం పక్కన చూస్తే పొట్లాలు, కిటికీలో పొట్లాలు, తలకాడ పొట్లాలు. ఫ్యాను తిరిగితే చాలు గది మొత్తం గరగర, గరగర. నాంచారి పైకి కప్పు చూస్తా పడుకుని, "బాబాయ్, అవి మాట్లాడతన్నయ్యి" అనేది. తియ్యమ్మా అవతల పారేద్దాం అంటే, "వద్దు, తెచ్చినోళ్ళు నొచ్చుకుంటారు" అనేది. చూశారా, చావుకి భయపడతది, మళ్ళీ పొరుగోళ్ళ మొహమాటానికీ భయపడతది!

ఓ మధ్యాహ్నం మా అనసూయ వదిన వచ్చింది. ఆమె ప్రేమ మామూలు ప్రేమ కాదు, పట్టుకుంటే వదలదు. కోటిలింగం ముందు కొట్లో ఉన్నాడు, నేను అరుగు మీద కునుకు తీస్తన్నా. అనసూయ వదిన ఏం చేసిందంటే, కొంగు చాటు నించి పొట్లం తీసి చింపింది. "డాక్టరమ్మ మెత్తటివి తినమందంట గదమ్మా" అంది. "అవును పెద్దమ్మా" అంది నాంచారి. "మరి దీన్ని మించిన మెత్తనిది యాడుందే? పళ్ళతో పనే లేదు, నాలుక మీద పెడితే కరిగిపోద్ది. పసిపిల్లలక్కూడా పెట్టొచ్చు. తిను నా తల్లి, ఎట్టా చిక్కిపోయావో చూడు" అంది. చూశారా మనోళ్ళ తెలివి! కరిగేదంతా మెత్తనిదే అనుకున్నారు. అనసూయ వదిన ఒక్కతే కాదు, ఊరంతా అట్టానే అనుకుంది, అందుకే ఆ పొట్లాలే తెచ్చారు. నాంచారి ఒకటి నోట్లో ఏసుకుంది. కరిగింది. ఏం కాలా. ఇంకోటి. కరిగింది. పెద్దమ్మ కబుర్లు చెప్తానే ఉంది, దీని చెయ్యి పోతానే ఉంది. చిన్న గిన్నెడు పప్పు సగం కూడా తినలేని పిల్ల, పొట్లం అడుగు గీకింది. ఆమె పోయినాక తలకాడ ఉన్నది ఇంకోటి తనే చింపుకుందంట.

నాకు వినపడింది ఏందంటే, గరగర ఆగిపోయి పిల్లికూనకిమల్లే ఓ మూలుగు. లోపలికి పోయి చూస్తే నాంచారి మంచం అంచున కూర్చుని ఉంది, ఒళ్ళంతా చెమట, బావిలో ముంచి తీసినట్టు. గుండె కొట్టుకోవటం పైట మీద కనపడతంది. కక్కుతంది, కక్కినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట పట్టుకుంటంది, లోపలి కుట్లు చేత్తో ఆపుదామన్నట్టు. నన్ను చూసి, "బాబాయ్, నా మంచం మీద కూడా దుప్పటి మారుస్తారా?" అంది.

నేను దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని పరిగెత్తాను. కాళ్ళ వైపు తను పట్టుకున్నానని కోటిలింగం అంటాడు, పట్టుకున్నాడేమో, నేను చూడలా. ఆటోలో కూలేశాం. ఆ ఆటోని దారంతా నా కేకలతోనే తోలా, ఎదురొచ్చిన లారీలు పొలాల్లోకి దిగినయ్యి అనుకో. పైకి అరుస్తున్నా గానీ లోపల భయమే. చిరుతపులి అయితే చెవి ఉంటది పట్టుకోటానికి. దీన్ని యాడ పట్టుకోను? డాక్టరమ్మ ఫోటోలు తీసింది, రంగు నీళ్ళు తాగించి చూసింది. తలుపు దగ్గర మేమిద్దరం గోడకి అతుక్కుని నిలబడ్డాం. ఆఖర్న బయటికొచ్చి, "ఈసారికి కుట్లు నిలబడినయ్యి పెద్దాయనా. ఇంకోసారికి నేను మాటివ్వలేను" అంది.

దాన్ని ఇంటికి తీసుకొచ్చాక, అసలు ఇన్ని పొట్లాలు ఎట్టా వచ్చి పడతన్నయ్యో తేలుద్దామని అరుగు మీద కాపలా కూర్చున్నా. అప్పుడు చూశానయ్యా ఆ చక్రం! జనం ముందు కొట్లో కొంటారు. ఎవరి దగ్గర? మొగుడి దగ్గర. పక్క సందులో నించి తిరిగి వెనక తలుపుకొస్తారు. ఎవరికిస్తారు? పెళ్ళానికి. మంచం పక్కన గుట్ట పెరిగితే కోటిలింగం అవే తీసకపోయి మళ్ళా ముందు తగిలిస్తాడు. ఎర్ర క్లిప్పు పెట్టిన పచ్చ పొట్లం ఒకటి నా కళ్ళ ముందే పొద్దున పోయింది, మధ్యాహ్నం తిరిగొచ్చింది, మళ్ళా పోయింది! ఒకే పొట్లం ఊరి ప్రేమంతా మోసుకుంటా ఇంటి చుట్టూ తిరుగుతంది, దెయ్యం ప్రదక్షిణం చేసినట్టు. "ఏందిరా ఇది?" అని నేనంటే, "నాకేం తెలుసు మావా, కొన్నోళ్ళని ఎవరికీ అని అడుగుతామా? బేరం బాగుందనుకున్నా" అన్నాడు, మొహం తెల్లగా పాలిపోయింది. తన చేత్తో తనే అందించినట్టయ్యింది గదా వాడికి.

నేను కర్ర తీసుకుని వెనక తలుపుకి అడ్డం నిలబడ్డా. చూడొచ్చేవాళ్ళు ఉత్త చేతులతో రండీ అని కేకేశా. మూడూళ్ళకి వినపడింది. అనసూయ వదిన వచ్చింది, కొంగు చాటున ఏదో గరగరమంది. పక్కన పెట్టు వదినా అన్నా. ఆమెకి కోపమొచ్చింది. "ఉత్త చేతులతో పోయేది చచ్చినోళ్ళ ఇంటికిరా ఎలమందా! బతికున్న బిడ్డ దగ్గరికి అట్టా రమ్మంటావా? నోరు పడిపోను!" అంది. నిజం చెప్తన్నా, ముడత లేని ఆ దుప్పటి కళ్ళ ముందు ఆడింది. అప్పుడు లోపల్నించి నాంచారి, గట్టిగా కూడా కాదు, "పెద్దమ్మా, నువ్వు అది పట్టుకుని వస్తానే ఉంటే ఇది చచ్చినోళ్ళ ఇల్లే అయ్యేది. ఉత్త చేతులతోనే రా. వచ్చి నేను గుడ్డు తినేదాకా కూర్చో. ఒక్కదాన్నే కూర్చుని తినాలంటే భయమేస్తంది" అంది. అనసూయ వదిన గడపలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొట్లం నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఇంక అప్పటి నించి అదే పద్ధతి. ఆ పిల్ల కాస్త పప్పూ, గుడ్డు ముక్కా నమిలి నమిలి తినాలి, ఓ గిన్నె ఖాళీ చెయ్యటానికి ఓ నాటకం ఆడినంత సేపు పట్టుద్ది. ఆ సేపు ఎవరో ఒకరు కూర్చుని కబురు చెప్పాలి. ఎక్కువ రోజులు నేనే చెప్పాననుకో, ఊళ్ళో ఇంకెవరికి వచ్చు? ఓ రోజు వరద కథ చెప్తన్నా, గేదెను మెడ మీద ఎత్తుకున్నా, ఇంకా ఒడ్డుకి రాలా, నాంచారి గిన్నె కింద పెట్టి, "చాలు బాబాయ్" అంది. కథ బాలేదేమో అని నాకు చిర్రెత్తుకొచ్చింది. తలెత్తి చూస్తే ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కళ్ళ నిండా నీళ్ళతో, "నిండింది బాబాయ్" అంది. ఆ బావిలో ఆ రోజు రాయి పడ్డ చప్పుడు వినపడింది. గేదె వాగులోనే ఉండిపోయింది, పోతే పోనీ అనుకున్నా.

ఇప్పుడు నాంచారి మళ్ళా కొట్లో కూర్చుంటది, సగమైంది, నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడుతుందని కోటిలింగం తనే గురక పెట్టి నిద్రపోతన్నాడు. పొట్లాలు అట్టానే వేలాడుతున్నయ్యి, కొట్టు గడవాలి గదా. ఈమధ్య అడిగా, భయం పోయిందే అమ్మాయ్ అని. గాలికి అవి గరగరమంటే అటు ఓసారి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, "పోలేదు బాబాయ్, అదే నన్ను కాస్తంది" అంది. నేను మాత్రం ఆ రోజు నించి ఎవరు మంచాన పడ్డా ఉత్త చేతులతోనే పోతన్నా. ఎలమంద పిసినారోడు అంటన్నారు, అననీయండి, వైద్యం తెలవనోళ్ళు. పోయి కూర్చుని కథ చెప్తా, వాళ్ళు లేచి కూర్చుంటారు. రేపు నేను మంచాన పడితే మీరూ అట్టానే ఉత్త చేతులతో రండి. కానీ ఒకటయ్యా, నాకు చెప్పేంత కథగాడు ఈ చుట్టుపక్కల ఒక్కడన్నా ఉన్నాడా? అదే, ఇప్పుడు నాకు పట్టుకున్న భయమల్లా అదే.